పెద్దమ్మ కొలిచిన రెండు జీతాలు

నా చిన్నప్పుడు మా పేట మొత్తానికి ఎమ్మే ఇంగ్లీషు చదివిన మనిషి ఒక్కతే ఉండేది, మా పక్కింటి అక్క. పొద్దున్నే బస్సెక్కి అద్దంకిలో ఓ ప్రైవేటు స్కూలుకు వెళ్ళి పాఠాలు చెప్పేది. సాయంత్రం తిరిగొచ్చాక పేట పిల్లలందరినీ పంచలో కూర్చోబెట్టి అవే పాఠాలు మాకూ చెప్పేది, పైసా తీసుకోకుండా. నాకు ఆమె అంటే పిచ్చి. ఆమెలాగే చేతికి వాచీ ఉన్నట్టు మాటిమాటికీ మణికట్టు చూసుకునేదాన్ని. మా మేకకు ఇంగ్లీషులో ఆజ్ఞలిచ్చి అమ్మ చేత తిట్లు కూడా తిన్నాను.

అక్క వాళ్ళమ్మను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. అక్షరమ్ముక్క రాదు. మా అమ్మతో కలిసి మిరప కోతకు, కోత అయ్యాక కళ్ళంలో కాయలు ఏరడానికి కూలికి వెళ్ళేది. ఎండిన మిరపకాయల్లో రంగుపోయి తెల్లబడినవి ఉంటాయి, వాటిని తాలు అంటారు. రోజంతా ఆ తాలు ఏరి ఇంటికొస్తే చేతులు భగభగ మండేవి. రోజూ సాయంత్రం గిన్నెలో మజ్జిగ పోసి ఆమె చేతులు ముంచుకుంటుంటే అక్క చూడలేక లోపలికి వెళ్ళిపోయేది. వాళ్ళది తాటాకు ఇల్లు. ఆ ఇంటి మీద శ్లాబు వేయాలని, అమ్మను కళ్ళం మాన్పించాలని అక్క పట్టుదల. అద్దంకి జీతంతో అది అయ్యే పని కాదు.

తొంభైల చివర్లో మా వైపు టీచర్లు ఒక్కొక్కరే విదేశాలకు వెళ్ళడం మొదలుపెట్టారు. అక్క కూడా పేపర్లో ప్రకటన చూసి రెండుచోట్లకు దరఖాస్తు పెట్టింది. ఆశ్చర్యంగా రెండూ వచ్చాయి. ఒకటి మాల్దీవుల్లో చిన్న దీవిలో బడి, రెండోది ఇథియోపియాలో కాలేజీ. మాల్దీవుల జీతం మన లెక్కలో నెలకు పద్దెనిమిది వేలు, ఇథియోపియాది పదమూడు. ఎక్కడికి వెళ్ళినా రెండేళ్ళు కదలనని సంతకం పెట్టాలి. పేటంతా పద్దెనిమిది వేల మాటే. పాస్టరుగారు ఆదివారం ప్రార్థనలో కూడా ఆ అంకె చెప్పేశారు. అక్క అప్పటికే రెండు దేశాల్లోనూ పనిచేస్తున్న మనవాళ్ళకు ఉత్తరాలు రాసి సంగతులు కనుక్కుంది. కానీ పద్దెనిమిది చూశాక ఆ జవాబులు సగమే చదివి పక్కన పెట్టింది.

ఒక శనివారం మధ్యాహ్నం, మాల్దీవులకు వస్తానని రాసిన కవరు నా చేతికిచ్చి డబ్బాలో వేసి రమ్మంది. పోస్టు డబ్బా బస్టాపు దగ్గర, దారిలోనే కళ్ళం. పెద్దమ్మ, మా అమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు పందిరి కింద కాయలు ఏరుతున్నారు. గొప్పకు పోయి, అక్క మాల్దీవులకు వెళ్తోందంటూ ఆ కవరు గాలిలో ఊపుతూ చూపించాను. పెద్దమ్మ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తాను ఏరుతున్న తట్ట కింద పెట్టేసింది.

"మీ అక్కను పిలుచుకురా. అక్కడున్న మనవాళ్ళు రాసిన ఉత్తరాలు రెండూ తెమ్మను" అంది.

అక్క రుసరుసలాడుతూ వచ్చింది. పెద్దమ్మ ఆ కోపాన్ని పట్టించుకోలేదు. రాశిలోంచి దోసిళ్ళతో కాయలు తీసి గోనెపట్టా మీద రెండు కుప్పలు పోసింది. దోసెడుకు వెయ్యి రూపాయలు. ఒక కుప్ప పద్దెనిమిది దోసిళ్ళు, ఒకటి పదమూడు. పెద్దకుప్ప చూసి మా అందరి ముఖాలూ వెలిగిపోయాయి.

"అంకె తర్వాత వాళ్ళు ఏం రాశారో అది చదువు" అంది పెద్దమ్మ.

అక్క విసుగ్గానే మాల్దీవుల ఉత్తరం విప్పింది. గది అద్దె మన నెత్తినే అని చదవగానే పెద్దమ్మ కుప్పలోంచి నాలుగు దోసిళ్ళు తీసి పక్కన పోసింది. కూరగాయలు ఎక్కడినుంచో పడవలో రావాలట, టమాటాలు మన ఊళ్ళోలా కిలోల లెక్కన కొనరట. ఐదు దోసిళ్ళు పోయాయి. బజారుకు వెళ్ళాలంటే పడవ చార్జీ, సెలవుల్లో వచ్చిపోయే టికెట్టు సొంత ఖర్చు. ఇంకో మూడు పోయాయి. అక్క గొంతు చదివేకొద్దీ నెమ్మదించింది. పట్టా మీద మిగిలింది ఆరు దోసిళ్ళు.

తర్వాత ఇథియోపియా. ఇల్లు కాలేజీదే, అద్దె లేదు. కూరగాయలు చవక. చలికి స్వెట్టర్లు కొనుక్కోవాలి. టికెట్టు వాళ్ళే ఇస్తారు. పెద్దమ్మ మూడు దోసిళ్ళు తిండికి, ఒకటి చలికి తీసింది. ఇంకొకటి ఇక్కణ్ణుంచి తెప్పించుకునే కారానికి తీయబోతే, అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. అక్కడివాళ్ళు కూడా మనలాగే కారం తింటారని, పుల్లటి అట్టులో ఎర్రటి కూర పెట్టుకుని తింటారని ఉత్తరంలో ఉంది. కారం తినే దేశమనేసరికి ఆడవాళ్ళందరికీ ఇథియోపియా మేనమామగారి ఊరైపోయింది. తొమ్మిది దోసిళ్ళు మిగిలాయి.

"ఎంతొచ్చిద్దని కాదే, ఎంత మిగిలిద్దో చూడాల" అంది పెద్దమ్మ. "పచ్చికాయ ఎంత కోశానని ఏ రైతన్నా మురిసిపోతాడా? ఎండినాకే గదా తూకం."

అక్క ముఖంలో కోపం ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. తొమ్మిదీ నెలనెలా ఇంటికి పంపేస్తానని, రెండేళ్ళలో శ్లాబు పడుతుందని గబగబా చెప్పింది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. మిగిలిన కుప్పను వేళ్ళతో కలిపి, నిగనిగలాడే నిండు కాయలు ఏరి ఒక దోసెడు చేసి అక్క ఒడిలో పోసింది.

మా దగ్గర రైతులు అప్పట్లో కాయ అమ్మే ముందు మేలైన కాయలు ఏరి విత్తనానికి విడిగా దాచేవాళ్ళు. ఎంత అవసరం వచ్చినా ఆ మూట జోలికి వెళ్ళేవాళ్ళు కాదు. అది మాకందరికీ తెలిసిందే. కానీ జీతానికి కూడా విత్తనం ఉంటుందని ఆ రోజే విన్నాం.

"ఇది నీది. ఇంటికి పంపితే ఊరుకోను. ఇల్లు ఒక ఏడు ఆలస్యమైతే ఏం, ఇన్నాళ్ళూ ఉండలా?" అంది.

అక్క ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి, తుడుచుకున్నాను. అంతసేపూ కాయలతో ఆడుకున్న చేతులవి. నేను పెట్టిన కేకకు కళ్ళమంతా నవ్వుతో ఊగిపోయింది. పెద్దమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని కడవలో నీళ్ళన్నీ నా ముఖాన పోసింది. అక్క ఏడుపు ఆపి మరీ నవ్వింది. కాయలన్నీ రైతు రాశిలో కలిపేశారు. కవరు మాత్రం అక్కే చింపింది.

ఇథియోపియా వెళ్ళాక శ్లాబు పడటానికి రెండు కాదు, మూడేళ్ళు పట్టింది. పెద్దమ్మ కళ్ళం మానేసింది. ఆ మరుసటి ఏడే తాను దాచుకున్న విత్తనంతో అక్క చేసిన పని చూసి పేటంతా ముక్కున వేలేసుకుంది. పెద్దమ్మకు పాస్‌పోర్టు తీయించి, విమానంలో ఇథియోపియా తీసుకెళ్ళింది. నెల తర్వాత తిరిగొచ్చిన ఆమెను మేమంతా చుట్టుముట్టి ఆ దేశం ఎలా ఉందని అడిగాం. కాయ మంచిదేగానీ వాళ్ళకు ఆరబెట్టడం రాదని చెప్పింది.

నేనూ ఇంగ్లీషు టీచర్నే అయ్యాను. మస్కట్‌లో నాలుగేళ్ళు చేసి వచ్చాను. వెళ్ళే ముందు అక్కడున్న ఒకామెకు ఫోన్ చేసి, జీతం అడక్కుండా కిలో టమాటాలు ఎంతని అడిగితే ఆవిడ నన్ను వెర్రిదాన్ని అనుకుని ఉంటుంది. ఇప్పుడు బయటి దేశాలకు వెళ్తామంటూ సలహాకు వచ్చే పిల్లలు ముందు జీతం అంకె చెబుతారు. నేను వాళ్ళ చేత తీసివేతలు చేయిస్తాను. ఆ తర్వాత మిగిలినదాంట్లో నీదేదని అడుగుతాను. చాలామంది మళ్ళీ మొదటినుంచీ లెక్క వేసుకుంటారు.

నేను మాత్రం మొదటి జీతం నుంచీ నాది విడిగా తీస్తూనే ఉన్నాను. పోయినేడు అందులోంచి రెండు విమానం టికెట్లు కొన్నాను. ఆ రోజు కళ్ళంలో పెద్దమ్మ పక్కన కూర్చుని తాలు ఏరిన మా అమ్మను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాను. విమానం పైకి లేస్తుంటే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి ఇప్పుడు మండటం లేదు.