దారి చూపే కార్డుల బూజెమా

మా ఎడారి ఊరు అద్రార్ గ్రంథాలయంలో బూజెమా పని ఒక్కటే. జనం నోట ఉన్న మాట నుంచి పుస్తకంలో ఉన్న మాటకి దారి వేయడం. ఎడారి కింద తవ్విన నీటి కాలువని మేం ఫుగ్గారా అంటాం. పుస్తకాలేమో 'భూగర్భ నీటి వ్యవస్థలు' అంటాయి. అందుకని 'ఫుగ్గారా: భూగర్భ నీటి వ్యవస్థలు చూడుము' అని ఒక కార్డు. తేలుకాటుకొకటి, ఖర్జూరం తెగులుకొకటి. జీవితమంతా అవే రాశాడు.

"ఈ కార్డులు కూటికొస్తాయా అన్నా?" అని పక్క బల్ల దగ్గర పనిచేసే నేను ఏడిపించేదాన్ని.

"నీ చేతి కుస్కుస్ కంటే నయమే చెల్లీ."

కంప్యూటరు వచ్చింది. దాంతోపాటు రాజధాని నుంచి ఆమోదించిన మాటల పట్టిక. అందులో లేని మాట ఎక్కించొద్దన్నాడు కొత్త డైరెక్టరు లఖ్దర్.

"సారూ, నా కార్డులు కూడా ఎక్కించండి. లేకపోతే మనవాళ్లకి పుస్తకం దొరకదు."

"తర్వాత చూద్దాంలేవయ్యా."

ఆ 'తర్వాత' రానేలేదు. జనం వచ్చి ఫుగ్గారా అని కొట్టేవారు, తెర మీద ఏమీ వచ్చేది కాదు, వెళ్లిపోయేవారు. బూజెమా కంటబడితే చెయ్యి పట్టుకుని బీరువా దాకా తీసుకెళ్లేవాడు. అది ఓర్వలేక లఖ్దర్ అతన్ని వెనకగదిలో బైండింగుకి వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చాలాకాలం ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలు తీసేయాలని మాకో నియమం ఉంది. కంప్యూటరు చూపించిన వాటిలో ఫుగ్గారాల పుస్తకాలన్నీ ఉన్నాయి, పాత నీటి వాటాలు రాసినదానితో సహా. తొలగింపు ముద్ర వేయాల్సింది బైండింగు గదే.

"వీటినెవరూ అడగలేదు బూజెమా," అన్నాడు లఖ్దర్.

"అడిగారు సారూ. పేరు పెట్టి మరీ అడిగారు."

"రికార్డులో లేదుగా."

బూజెమా ముద్రలు వేశాడు. లారీ వాటిని కాగితం మిల్లుకి తీసుకెళ్లింది.

కొన్నాళ్లకి ఫుగ్గారా నీళ్లు కొలిచి వాటాలు పంచే ముసలాయన హాజీ స్లిమాన్ వచ్చాడు. కాలువ కూలిపోయి, వాటాల గొడవ కోర్టుకెక్కిందట. పాత వాటాలు రాసిన పుస్తకం చూపిస్తేనే ఆయన తోటకి నీళ్లు. తెర మీద ఏమీ రాలేదు. బూజెమా బయటికొచ్చి నిలబడ్డాడు.

"ఉందంటావా నాయనా?"

ఉండేదని చెప్తాడనుకున్నాను.

"దాని మీద ఎవరూ రాయలేదు హాజీ."

"అలాగా. మా తాత ఎవరికో చెప్పి రాయించాడని ఇంట్లో అనుకునేవారు," అని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. "ఉత్తిదే అన్నమాట."