తువాలు కప్పలేని ముఖం

పుంగనూరు పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. దళారి, కొనేవాడు తువాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి బేరమాడతారు. చుట్టూ మూగినవాళ్లకు అంతు చిక్కకూడదు కాబట్టి ముఖం గోడలా ఉండాలి.

గురప్పకు ఆ గోడ లేదు. మంచి ధర తగిలితే కనుబొమలు తలపాగాలోకి దూరేవి. తక్కువైతే కింది పెదవి వేలాడేది. అంతకుముందు ఎద్దులకు లాడాలు కొట్టేవాడు. ఆ పని బాగా వచ్చు. దళారీ మోజుతో తొంభయ్యారులో మేనమామ లక్ష్మయ్య దగ్గర చేరాడు.

"ఒరే, సంతకంతా వినపడే రేడియో రా నీ మొగం," అన్నాడు లక్ష్మయ్య. "వచ్చే సంతలో గూడా ఇట్లే చేస్తే మళ్లీ నా పక్కకు రావద్దు."

ఇంట్లో కూతురు భవ్య ఇంగ్లీషు పాఠం చదువుతోంది.

"నాయనా, నీ మొగం ఎక్స్‌ప్రెసివ్."

"అదేం రోగమమ్మా?"

"రోగం గాదు. మనసులో ఉండేదంతా మొగంలో కనపడేది."

"దానికి ఎదురుమాట ఏంది?"

భవ్య పొయ్యి దగ్గరున్న తల్లి మునిలక్ష్మిని చూసింది. ఆమె పెళ్లి ఫోటో కూడా రేషన్ కార్డు ఫోటోలాగే ఉంటుంది.

"అమ్మ."

"నేనీడనే ఉండాను," అంది మునిలక్ష్మి. కోపమో, సరదానో ఇద్దరికీ తెలియలేదు.

వారమంతా గురప్ప ఆమెను చూసి ముఖం బిగించడం నేర్చుకున్నాడు. సంతలో ఎద్దు కొనడానికొచ్చిన రామకుప్పం రైతు జయచంద్రతో తువాలు కింద వేళ్లు కలిపాడు. ధర పెరిగింది. కనుబొమ కదల్లేదు. లక్ష్మయ్య మురిసిపోయాడు.

అంతలో ఎద్దును నడిపించారు. అది వెనక కాలు ఆనించగానే గురప్ప ముఖం తన కాలికే ముల్లు దిగినట్టు ముడుచుకుపోయింది.

జయచంద్ర చెయ్యి లాక్కున్నాడు. "గిట్టలో ఏమన్నా ఉండాదా అప్పా?"

"నేనేం చెప్పలేదే!"

"నువ్వు చెప్పాల్నా ఏంది?"

లక్ష్మయ్య తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పో. పొయ్యి లాడాలు కొట్టుకో."

గురప్ప కదిలేలోగా జయచంద్ర అతని మోచెయ్యి పట్టుకుని ఇంకో జత దగ్గరికి లాక్కుపోయాడు. "ఈటిని గూడా సూడప్పా. నోరు తెరవొద్దు, చాలు."

ఆ తర్వాత మదనపల్లె, కుప్పం రైతులు గురప్ప లేకుండా ఎద్దు కొనలేదు. సంతకు రానుపోను బస్సు చార్జీ, భోజనం వాళ్లదే. ఎద్దును నడిపించి, వాళ్లు మాత్రం గురప్పనే చూసేవారు.

అమ్మేవాళ్లూ జాగ్రత్తపడ్డారు. అతను సంత గేటు దాటగానే ఎవరో ఒకరు కేక వేసేవారు:

"గురప్ప వస్తాండాడు! ఎద్దుల్ని పండబెట్టండప్పా!"