కోస్గి సంతలో నా కేక

ఈ రోజు జ్వరంతోనే కోస్గి సంతకు వెళ్లాను. గొంగళ్లు నేసేది నేను, అమ్మేది నేనూ మా బామ్మర్ది మల్లయ్యా. అమ్ముడుపోయినా పోకపోయినా ప్రతి సంతకూ అదే చోట కూర్చోవాలని మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాం. ఈ ఏడే జనం మమ్మల్ని వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు.

వెళ్లేసరికి మా చోటు చుట్టూ గుంపు. గిరాకీని పిలుస్తూ నేను రోజూ వేసే కేకే వినిపిస్తోంది, గొంతు మాత్రం మల్లయ్యది. ముందర ఒక్క గొంగడీ లేదు, అన్నీ మిల్లు దుప్పట్లే.

"ఇదేందిరా?" అన్నాను.

"నువ్వు నేసేదాక గిరాకీ ఆగుతదా బావా? ఇన్ని దినాలు కూసున్నది గిందుకే గదా!" అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు. వణుకుతున్నానని నా భుజం మీది గొంగడి తీసేసి, ఒక దుప్పటి కప్పాడు. "జ్వరమున్నోనికి గది గుచ్చుతది. జర గిది కప్పుకో."

కొనేవాళ్లంతా తలలూపారు. వాళ్లలో సగం మంది నా దగ్గర కొన్నవాళ్లే.

ఇప్పుడు ఆ దుప్పటే కప్పుకుని పడుకున్నాను. గొంగడి కప్పుకునేవాళ్లు మీరైనా నిజం చెప్పండి, అది గుచ్చుతుందా? గుచ్చితే ఇన్నేళ్లూ ఒక్కరూ నాతో అనలేదేం?