ఏసీ లేని కారు, ఎక్కించిన అద్దాలు

పాప నిద్రపోయాక ఫోనులో కార్ల ధరలు చూస్తున్నాను. మన చిన్నప్పటి నుంచీ ప్రతి వీధిలో కనిపించే ఆ చిన్న కారును మళ్లీ మార్చారట; అన్నిటికన్నా తక్కువ రకంలో కూడా ఎయిర్‌బ్యాగులు, ఏసీ, మీట నొక్కితే దిగే అద్దాలు ఇస్తున్నారట. మా ఆయన ఆ తక్కువ రకం చాలంటున్నారు. ఆ మాట వినగానే నా వీపు చెమర్చింది.

జనగామలో బాపు కొన్నది ఆ కారే, ఆ తక్కువ రకమే. అందులో ఏసీ లేదు, కానీ ఉందని అందరికీ చెప్పుకునేవాడు. అందుకని తెలిసినవాళ్లుండే వీధిలోకి తిరిగామంటే ఎండాకాలమైనా నాలుగు అద్దాలూ ఎక్కించి, చల్లగా ఉన్నట్టు ముఖాలు పెట్టుకుని కూర్చోవాలి. మీ ఇళ్లలోనూ కొందరు ఇలా కూర్చునే ఉంటారు.

ఒక మే నెలలో నర్మెట్టలోని మేనత్త ఇంటికి వెళ్లాము. మామ అప్పటికే పై రకం కారు కొన్నాడు. మేము దిగుతుంటే వాకిట్లో పదిమంది ముందు, "ఏంది బావా, ఏసీల కూసొని వచ్చి గిట్ల తానం జేసినట్టు తడిసిండ్రు?" అన్నాడు. పెట్రోలు తాగుతుందని బంద్ పెట్టానన్నాడు బాపు. మామ వదల్లేదు. నన్ను దగ్గరకు తీసుకుని, "నువ్వు జెప్పు బిడ్డా, మీ కార్ల ఏసీ ఉన్నదా?" అని అడిగాడు. అత్త పిల్లలు నా వైపే చూస్తున్నారు. వాళ్లలో కలిసిపోవాలని ఎంత ఆశపడ్డానో, "ఏడిది మామా, ఉత్త అద్దాలే" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను.

అన్నం కూడా తిననివ్వకుండా బాపు మమ్మల్ని బయలుదేరదీశాడు. నడి ఎండలో అద్దాలన్నీ ఎక్కించి, "ఊరందరికి జెప్పినవ్ గద, ఇగ ఉడుకు" అన్నాడు నాతో. ముందు సీట్లో అమ్మ ఒళ్లో ఏడాది నిండని తమ్ముడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"పిలగాడు సైసుతలేడు, జర అద్దం దించనియ్యి" అంది అమ్మ.

"చెయ్యేసినవంటే నిన్ను గీడ్నే దించి పోత."

అమ్మ చేయి వెనక్కి తీసుకుంది. కొంతసేపటికి ఏడుపు ఆగింది, నిద్రపోయాడనుకున్నాము. జనగామ చేరాక ఎత్తుకుంటే వాడి మెడ నిలవలేదు.

దవాఖానలో సెలైన్ ఎక్కిస్తూ డాక్టరు ఎలా జరిగిందని అడిగాడు. "దార్ల ఏసీ ఖరాబైంది సార్" అన్నాడు బాపు. డాక్టరు అమ్మ వైపు చూస్తే అమ్మ తల ఊపింది. నా వైపు చూస్తే నేనూ ఊపాను. బాపు నా తల నిమిరాడు.

తమ్ముడు బతికాడు, వాడికేమీ గుర్తులేదు. ఇప్పుడు తక్కువ రకం కొన్నవాళ్లు కూడా చల్లగానే కూర్చుంటారు, అలా ఉడికిపోవలసిన రోజులు పోయాయని సంతోషించబోయాను. కానీ మొన్న మహబూబాబాద్‌లో, మా ఆడబిడ్డ ఇంట్లో, అంగన్‌వాడీకి పోయే మా పాపను పెద్ద ఇంగ్లీషు బడిలో వేశామని చెప్పి వచ్చాను. పాపకింకా మాటలు సరిగా రాలేదు. వచ్చాక ఎవరైనా దగ్గరకు తీసుకుని అడిగితే, అది నిజం చెబితే, ఇంటికి వచ్చే దారిలో నేనేం చేస్తానో నాకు తెలియదు.