నున్నగా పూసిన గోడ

మా ఆత్మకూరులో పాత ఇళ్ల మధ్య గోడ ఎవరిదని తగువొస్తే పెద్దమనుషులు దస్తావేజులు అడగరు, టార్చిలైటు అడుగుతారు. దస్తావేజుల్లో తూర్పున ఫలానా వారి ఇల్లు అని ఉంటుందే తప్ప, మధ్యలో గోడ ఎవరిదో ఏ తాతా రాయించలేదు. అందుకే గోడకు రెండు వైపులా చూస్తారు. ఎవరి మిద్దె దూలాల కొనలు అందులో దిగి ఉంటే గోడ వాళ్లది, ఇద్దరివీ ఉంటే ఉమ్మడిది. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి చేసిన పని గురించే రాస్తున్నాను కాబట్టి నా మీద ఎవరూ జాలి పడనక్కర్లేదు.

మాకూ పక్కింటికీ మధ్య ఉన్నది రెండడుగుల మందం రాతి గోడ. ఉదయగిరి దారిలోని గుట్టల నుంచి బండ్ల మీద రాయి తోలించి మా తాత, వాళ్ల తాత కలిసి కట్టుకున్నారు. ఇప్పుడు పక్కింట్లో ఉన్నాయన బియ్యం హోల్‌సేల్ వ్యాపారి. నేను హైస్కూల్లో లెక్కల మాస్టరుని. ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. నోటితో పిలవడమే కాదు, మనసులో కూడా అన్నే అనుకున్నాను. అది తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ ఒళ్లు మండుతుంది.

పన్నెండేళ్ల కిందట నేను పాత మిద్దె దించి, పిల్లర్లు లేపి స్లాబు వేయించాను. పక్కింటి వైపు మాత్రం వేరే గోడ కట్టలేదు. అంత గట్టి గోడ ఉండగా ఇంకొకటి ఎందుకనుకున్నాను. అమ్మ గదికి ఆ వైపు అదే గోడ.

మిద్దె దించేటప్పుడు మేస్త్రి అడిగాడు. "సార్, దూలాల కొనలు గోడలోనే ఉంచుదాం. రేపెవరన్నా అడిగితే చూపించేదానికి ఉంటాది."

నేను నవ్వాను. కొత్త స్లాబు కింద, తెల్లటి గోడలో, ఏడు కట్టె ముక్కలు పిప్పిపళ్లలాగా కనిపిస్తూ ఉంటే ఏం బాగుంటుంది? అమ్మ పెరటి వంటింట్లోంచి, "రెండన్నా ఉంచరా" అంది. పక్కింటాయన కూడా వచ్చి చూశాడు. "ఏంది తమ్ముడూ, మనలో మనకి సాక్ష్యాలా? తీసేసి నున్నగా పూయించు" అన్నాడు. పనికి తన నిచ్చెన కూడా ఇచ్చాడు. అన్నీ పీకెయ్యమని మేస్త్రికి చెప్పి నేను బడికి పోయాను. సాయంత్రానికి గోడ మీద మచ్చ లేదు. ఆనాడే ఆయన మనసులో ఇదంతా ఉందా, లేక తర్వాత పుట్టిందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

పోయినేడు ఆయన ఆ గోడకు అవతల ఉన్న తన పాత గోడౌను పడగొట్టి మూడంతస్తులు కట్టాలనుకున్నాడు. ప్లాను చూపించాడు. అందులో మధ్యగోడ లేదు. గోడ ఉన్న చోటంతా ఆయన గదుల్లో కలిసిపోయి ఉంది.

"గోడ ఉమ్మడిది కదన్నా" అన్నాను.

"ఏ గోడ తమ్ముడూ? నీ పిల్లర్లు నీకుండాయి గదా" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

పెద్దమనుషులు నలుగురు వచ్చారు. మా వరండాలో కాఫీలు తాగి లేచి, టార్చి వేసి చూశారు. ఆయన వైపు దూలాలు వరసగా కనిపించాయి. నా వైపు పుట్టీ పెట్టి రంగు కొట్టిన గోడ అద్దంలా మెరిసింది. వాళ్లలో ఒకాయన మంచివాడు. "సార్, పైన పూత ఉండాది. ఒక దగ్గర ఉలితో కొట్టి చూద్దామా?" అన్నాడు.

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "అక్కర్లేదండీ, నేనే తీయించాను. అబద్ధం చెప్పను" అన్నాను. నిజాయితీపరుణ్ణని నలుగురి ముందూ అనిపించుకోవాలని నాకు అంత ఉబలాటం. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఈ గోడ ఇద్దరిదీ. నేను సాక్ష్యం" అంది.

"అవ్వా, నువ్వు ఈ ఇంటి కోడలివి. నీ మాట ఈ ఇంటి మాటే అవుతాది" అని ఇంకొకాయన తేల్చేశాడు. తీసేసిన దూలాలు లెక్కలోకి రావన్నారు. గోడ పక్కింటాయనదే అయింది.

ప్లాను మంజూరు చేసే ఆఫీసులో, గోడ తగువులతో మాకు సంబంధం లేదు, కోర్టుకు పొమ్మన్నారు. లాయరు ఓపిగ్గా చెప్పాడు. ఉమ్మడి గోడను రెండోవాడు ఒప్పుకోకుండా కూల్చకూడదు. కూల్చినా, పక్క ఇంటికి దెబ్బ తగలకుండా చూసుకోవాల్సింది కూల్చినవాడే. "కానీ ఉమ్మడిదని ముందు మీరు రుజువు చెయ్యాలి. తీసేశామని నలుగురి ముందు మీరే ఒప్పుకున్నారు గదా" అన్నాడు. అయినా స్టే కోసం కాగితాలు తయారుచేస్తానన్నాడు.

కాగితాల కన్నా ముందు జేసీబీ వచ్చింది. నేను ఎనిమిదో తరగతిలో భిన్నాలు చెబుతుండగా ఫోను మోగింది. ఇంటికి చేరేసరికి అమ్మ గదికి గోడ లేదు. గోడౌను కూడా నేలమట్టమై అవతలి బజారు కనిపిస్తోంది. "అవ్వా, మంచం ఇటు జరుపుకో" అని చెప్పి కూల్చారట. అదొక్కటే వాళ్లు చేసిన మర్యాద.

అమ్మ రాళ్ల మధ్య కూర్చుని ఉంది. ఒళ్లో జానెడు వేపదూలం ముక్క. ఒక వైపు రంపంతో కోసిన గుర్తు, దాని మీద పెచ్చులుగా నా గోడ తెల్లరంగు. పక్కన మట్టిలో అలాంటివే ఇంకో ఆరు. పీకితే రాళ్లు కదులుతాయని మేస్త్రి వాటిని పీకలేదు. గోడ మట్టానికి కోసి పైన పూత పూసి పోయాడు. అన్నేళ్లూ మా సాక్ష్యం అర అంగుళం లోపలే ఉంది.

ఒక ముక్క తీసుకుని పక్కింటాయన దగ్గరికి పరుగెత్తాను. "చూడన్నా!"

ఆయన తిప్పి తిప్పి చూశాడు. "అవును తమ్ముడూ, ఉండాయే" అన్నాడు. ముక్క నా చేతికిచ్చేసి, "ఇప్పుడు గోడేదీ?" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఊరంతా తిరిగాను. పంచాయితీ అయిపోయింది కదా సార్ అన్నారు. రెండు నెలలు అమ్మ టార్పాలిన్ పట్ట వెనక, సిమెంటు దుమ్ములో దగ్గుతూ పడుకుంది. తర్వాత ఆయన తన గోడ తను లేపుకున్నాడు, మా గది అంచును ఆనుకుని. ఆ రెండడుగులూ పూర్తిగా ఆయన గదుల్లోకే పోయాయి. ఇకమీదట అన్నా అని పిలవను.

అమ్మ ఆయన్ని ఒక్క తిట్టు తిట్టలేదు. ఆ ముక్కను మంచం కింద పెట్టుకుంది. ఓ రోజు నేను అన్నం పెడుతుంటే అడిగింది.

"ఆ పెద్దాయన కొట్టి చూద్దామన్నాడు గదరా. ఎందుకు వద్దన్నావు?"

రంగు పోతుందని కూడా ఒక పక్క అనుకున్నానని ఆమెకు చెప్పలేదు.