టీచరమ్మ చెప్పిన దొరసాని కథ

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్క వాటాలో ఒక టీచరమ్మ కిరాయికి ఉండేది. గుంటూరు నుంచి వచ్చిన మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో పిల్లలకు కథలు చెప్పేది. మాది నల్లగొండ పల్లె నుంచి వచ్చిన కుటుంబం. అయినా నన్ను ఎప్పుడూ తన పక్కనే కూర్చోబెట్టుకునేది.

1969లో తెలంగాణ ఉద్యమం మొదటిసారి ఉధృతమైన రోజులవి. ఆంధ్రా ఆవిడతో పాఠాలు చెప్పిస్తే గొడవవుతుందని ఒక ఆదివారం చర్చి పెద్దలు వరండాకు తాళం వేశారు. టీచరమ్మ రోడ్డు మీద నిలబడిపోయింది. మా నాయనమ్మ చూసి, "ఎండల నిలవడుడెందుకమ్మా? మా ఇంట్ల కూసొని చెప్పు. గీ పిల్లలు ఆడికే ఒస్తరు" అని వెంటబెట్టుకొచ్చింది.

ఆ రోజు టీచరమ్మ ఇంగ్లండులో ఒకప్పుడు ఉన్న దొరసాని కథ చెప్పింది. మెథడిస్టులనే కొత్త క్రైస్తవ శాఖ బోధకులను చాలా చర్చిల్లోకి రానివ్వని కాలంలో, ఆ దొరసాని తన మేడలోనే వాళ్లతో బోధ చెప్పించి, వినడానికి గొప్పవాళ్లను పిలిచేదట. దేవుడి ముందు మీరూ మీ పనివాళ్లూ ఒకటేనంటే కొందరు గొప్పింటి ఆడవాళ్లకు కోపం వచ్చేదట. దొరసాని ఇద్దరు కొడుకులు మశూచితో పోయారట. అంత దుఃఖంలోనూ ఆమె తలుపు మూయలేదట. నగలమ్మి ప్రార్థనా మందిరం కట్టించిందట.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. కథ ఇంకా అయిపోకముందే, వీధిలో రోజూ వింటున్న మాట నోటికొచ్చేసింది. "టీచరమ్మా, మరి మీరెప్పుడు పోతరు మీ ఊరికి? అందరు పొమ్మంటున్రు గద" అన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె నా జడ సవరిస్తూ, "ఇది కూడా మా ఊరే అనుకున్నానమ్మా" అంది. కథను మాత్రం చివరిదాకా చెప్పింది.

అందరూ వెళ్లాక నాయనమ్మ నన్ను కొట్టలేదు. "నేను ఆమెను ఇంట్లకు పిలిస్తి. నువ్వు ఎల్లగొట్టినవ్ బిడ్డా" అంది, అంతే.

తప్పయిందని చెప్పడానికి సిగ్గేసింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నాలుగు రోజులు ఆమెకు కనబడకుండా తిరిగాను. ఐదో రోజు నేను నిద్ర లేచేసరికి పక్క వాటా ఖాళీగా ఉంది. ఆంధ్రా వాళ్ల ఇళ్ల మీద రాళ్లు పడుతున్నాయని ఆమె తమ్ముడు వచ్చి తీసుకెళ్లాడట. పోయేముందు ఆమె మా గడప దాకా వచ్చిందట. నిద్రపోతున్న పిల్లను లేపొద్దందట.

ఆమె ఎక్కడికి వెళ్లిందో, ఎన్నాళ్లు బతికిందో మాకు తెలియలేదు. ఇప్పుడు ఎల్‌బీనగర్‌లో మా ఇంట్లో వారం వారం ప్రార్థన పెడతాను. ఎవరెవరో వస్తారు. ఏ ఊరని ఎవరినీ అడగను. కళ్లు మూసుకుని అందరి కోసం ప్రార్థిస్తాను. చివరన నా కోసం అడుక్కునే వంతు వచ్చినప్పుడు, ఇన్నేళ్లయినా, టీచరమ్మకు చెప్పని ఆ మాట దేవుడికీ చెప్పకుండానే ఆమెన్ అనేస్తాను.