నవ్వు ఆగిన తరగతి

ప్రొద్దుటూరులోని ఒక జూనియర్ కాలేజీలో మసరత్ జువాలజీ చెబుతుంది. పుట్టింది జమ్మలమడుగులో. ఆమె అక్క సుమయ్యాకు చిన్న వయసులోనే పెళ్ళి చేశారు. భర్త కువైట్‌లో డ్రైవరు. అతను సెలవుకు వచ్చి వెళ్ళినప్పుడల్లా ఒక కాన్పు. మూడో కాన్పు తర్వాత సుమయ్యా ఒంట్లో రక్తం లేక చాలా కాలం మంచం దిగలేదు. "ఆపుకోవచ్చని నాకెవురూ చెప్పలేదే" అని ఒకసారి చెల్లెలితో అంది.

అందుకే, తక్కిన లెక్చరర్లు "ఇంట్లో చదువుకోండి" అని దాటేసే గర్భనిరోధక పాఠాన్ని మసరత్ ఎన్నడూ దాటేయలేదు. ఆరోగ్య కేంద్రం నుంచి మాత్రల షీటు, కాపర్-టి, కండోమ్ తెచ్చి బల్ల మీద పెట్టి, ఏది ఎలా పనిచేస్తుందో చెప్పేది.

ఒక ఏడాది ఆ పాఠం జరుగుతుండగా భార్గవి అనే అమ్మాయి లేచింది. లింగాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల.

"మేడం, ఎమర్జెన్సీ మాత్ర నెలనెలా వేసుకుంటే ఏమైతాది?"

మసరత్ నోరు తెరిచేలోపే వెనక బెంచీలోంచి కార్తీక్ అన్నాడు. "నీకెందుకు పాపా ఆ మాత్ర?"

తరగతంతా నవ్వింది. సాయంత్రానికి భార్గవి ఫోటో, కింద 'మాత్రల భార్గవి' అన్న పేరు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. మర్నాడే ఆమె ఊరికి వెళ్ళిపోయింది.

కార్తీక్ నగల వ్యాపారి కొడుకు. మాటకారి, మార్కుల్లోనూ ముందుండేవాడు. ప్రిన్సిపాల్ ఆదినారాయణ సర్దిచెప్పాడు.

"ఇట్లా ఏడిపించే పిల్లోళ్ళు లోపల ఏదో బాధ పెట్టుకోనుంటారు మేడం. కొంచెం ఓర్చుకోండి."

మసరత్ కూడా అలాగే అనుకునేది. కానీ కార్తీక్‌ను పిలిచి అడిగితే తొణక్కుండా జవాబిచ్చాడు.

"నేనేమంటి మేడం? అందరూ నవ్వినారు గదా. నేనుంటేనే క్లాసు క్లాసు మాదిరి ఉంటాది. అసలా పిల్ల ఎవురు?"

ఆ చివరి ప్రశ్నలో కోపం లేదు. ఆ పిల్లను ఎందుకు లెక్కచేయాలో నిజంగానే అతనికి అర్థం కాలేదు. ఎవరూ చూడనప్పుడు అతను ఎవరినీ ఏమీ అనడని మసరత్ గమనించింది. తనను తాను అందరికన్నా ఎత్తులో చూసుకునేవాడికి ఆ ఎత్తు నిలవాలంటే ఎవరో ఒకరు కింద ఉండాలి, చూసి నవ్వేవాళ్ళూ ఉండాలి. ఏడిపించేవాళ్ళందరూ ఇలాంటివాళ్ళే కారు. ఇతను మాత్రం అలాంటివాడే అనిపించింది.

ఆదివారం మసరత్ పులివెందులలో బస్సు మారి లింగాల వెళ్ళింది. భార్గవి తల్లి నాగమ్మ వాకిట్లోనే నిలబెట్టి అడిగింది.

"వయసు పిల్లోళ్ళకు ఇయన్నీ ఎందుకు చెప్తాండారు మేడం? మా పిల్ల తలెత్తుకోలేకుండా పాయ."

"పాప అడిగింది తప్పు కాదక్కా. ఎవురి కోసం అడిగిందో కనుక్కుంటివా?"

చంకలో బిడ్డతో కోడలు తలుపు పక్కన నిలబడి ఉంది. భార్గవి మెల్లగా చెప్పింది. "వదిన కోసమేమ్మా. మెడికల్ షాపులో తెచ్చుకోని మింగుతాంది. ఊరికే రక్తం పోతాంది. నీకు చెప్పేకి భయం."

నాగమ్మ కోడలి వైపు తిరిగి చూసింది. తర్వాత లోపల చాప వేసింది.

ఆ ఇంట్లో చెప్పిందే మసరత్ సోమవారం తరగతిలోనూ చెప్పింది. ఆ మాత్ర అత్యవసరానికే గాని నెలనెలా వాడేది కాదు. నెలసరి గతి తప్పుతుంది, తక్కిన పద్ధతులంత భరోసా కూడా ఉండదు. సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడేది కండోమ్ ఒక్కటే. ఆ తర్వాత కార్తీక్ వైపు చూడకుండా మిగతావాళ్ళతో అంది.

"అన్నది ఒకడు. ఊరంతా మోసింది మీరు. మీరు నవ్వకపోతే ఆ మాట ఆడనే పడిపోయేది."

భార్గవి తిరిగి వచ్చిన రోజు కార్తీక్ మళ్ళీ ఏదో అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అటూ ఇటూ చూసి, అదే మాట ఇంకాస్త గట్టిగా అన్నాడు. అప్పుడూ నవ్వలేదు. ముఖం ఎర్రబడి బయటికి వెళ్ళిపోయాడు.

అతను మారలేదు, క్షమాపణా చెప్పలేదు. కొన్నాళ్ళకు ఏడిపించడానికి ఫస్టియర్ కుర్రాడిని ఒకణ్ణి పట్టుకున్నాడు. ఈసారి తోటి పిల్లలే వెళ్ళి ప్రిన్సిపాల్‌కు చెప్పారు. తమ కొడుకుకు ఇక్కడ విలువ లేదంటూ తండ్రి అతన్ని వేరే కాలేజీలో చేర్పించాడు. భార్గవి పరీక్షలు రాసి పాసయింది. ఆమె వదిన పులివెందులలో కాపర్-టి వేయించుకుంది.

కొందరు తల్లిదండ్రులు గొడవ చేయడంతో మరుసటి ఏడాది నుంచి ఆ పాఠం ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరుగా చెప్పమన్నాడు ఆదినారాయణ. మసరత్ వాదించింది గాని నెగ్గలేదు. చిత్రంగా, విడదీశాక మగపిల్లలు మునుపటికన్నా ఎక్కువ ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకు సంతోషించాలో వద్దో ఆమె ఇప్పటికీ తేల్చుకోలేదు.